ఓటీలో (ఆపరేషన్ గదిలో) పేషెంటు చల్లబడకుండా, గుండె మీద భారం పడకుండా చూసుకోవడం ఎలా

మత్తు డాక్టరు పక్కన నిలబడి సిరంజీలు నింపేది, మానిటరు తగిలించేది, గొట్టాలు అందించేది నేను. అనస్థీషియా టెక్నీషియన్ అంటారు. ఉండేది విజయనగరంలో. మా డాక్టరుగారికి ఫోన్ వస్తే బొబ్బిలి అయినా, చీపురుపల్లి అయినా, రాజాం అయినా సంచీ భుజాన వేసుకుని వెనకాలే వెళ్తాను. చిన్న నర్సింగ్ హోముల ఓటీల్లో ఏముంటాయో, ఏముండవో నాకు బాగా తెలుసు. ఓటీలో కొత్తగా చేరిన పిల్లలకీ, ఆపరేషన్‌కి మనిషిని తీసుకొచ్చే ఇంటివాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మందులూ మోతాదులూ డాక్టరు చూసుకుంటారు. పేషెంటు ఒంట్లో వేడి నిలబెట్టడం మాత్రం చాలావరకు మన చేతిలో పని.

పేషెంటు వణకడం మొదలయ్యాక దుప్పటి కోసం పరిగెత్తడం మనకి అలవాటు. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. మత్తు ఇవ్వడానికి ముందు అరగంటలో మనం ఏం చేశామన్నదాన్ని బట్టే ఆ తర్వాత నాలుగు గంటలు నడుస్తాయి.

చలి ఎక్కణ్ణించి వస్తుంది

విజయనగరంలో చలేమిటి, మే నెలలో ఫ్యాను కింద కూర్చున్నా ఉడికిపోతాం కదా అనుకుంటారు. ఓటీకి ఎండాకాలం, శీతాకాలం అంటూ ఉండదు. ఏసీ 18లో పెట్టి ఉంటుంది. ఎముకల డాక్టరైతే సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపించే మిషను) కోసం సీసం ఏప్రన్ కట్టుకుని, దాని మీద గౌను తొడుక్కుంటారు. ఆయనకి చెమటలు కారిపోతుంటాయి, ఇంకా తగ్గించండర్రా అంటారు. బల్ల మీద ఉన్న మనిషికేమో పల్చటి గౌను, అదీ నడుం పైదాకా లాగేసి ఉంటుంది. ఆ ఒంటి మీద చల్లటి బెటడిన్, దాని మీద స్పిరిట్. స్పిరిట్ ఆరేటప్పుడు ఒంటి వేడిని కూడా పట్టుకుపోతుంది.

ఇన్ని ఉన్నా, మొదటి గంటలో ఒళ్ళు చల్లబడటానికి పెద్ద కారణం ఏసీ కాదు, మత్తే. మన ఒంట్లో వేడి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. గుండె, కాలేయం, మెదడు ఉన్న చోట సుమారు 37 డిగ్రీలు (సెల్సియస్) ఉంటే, చేతులూ కాళ్ళూ దానికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ ఉంటాయి. వంటింట్లో పొయ్యి వెలుగుతుంటే వీధి గది వైపు తలుపు మూసి ఉంచినట్టు, చర్మం దగ్గరి రక్తనాళాలు బిగుసుకుని లోపలి వేడిని లోపలే ఆపుతాయి. జనరల్ (మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే మత్తు) ఇచ్చినా, స్పైనల్ (వెన్నులో ఇచ్చే, నడుం కింద మాత్రమే పనిచేసే మత్తు) ఇచ్చినా ఆ తలుపు తెరుచుకుంటుంది. లోపలి వెచ్చటి రక్తం కాళ్ళలోకి పోతుంది, కాళ్ళలోని చల్లటి రక్తం గుండెకి వస్తుంది. మొదటి గంటలోనే లోపలి వేడి 1 నుంచి 1.5 డిగ్రీలు పడిపోతుంది. తర్వాత రెండు మూడు గంటలు నెమ్మదిగా దిగుతుంది. 34, 35 దగ్గరకొచ్చేసరికి రక్తనాళాలు మళ్ళీ బిగుసుకుని ఒకచోట ఆగుతుంది.

స్పైనల్ కేసుల్లో ఆ ఆగడం కూడా సరిగ్గా ఉండదు, ఎందుకంటే నడుం కింద రక్తనాళాలకి బిగుసుకునే శక్తి ఉండదు. పైగా చలి తెలియదు. చల్లగా ఉందా తాతా అని అడిగితే, లేదు బాబూ బాగానే ఉంది అంటాడు, థర్మామీటరు మాత్రం 35.4 చూపిస్తుంది. మనిషి మెలకువగానే ఉన్నాడు కదా, చలేస్తే చెప్తాడులే అని ఊరుకోకూడదని నేను కొత్తవాళ్ళకి మొదటి రోజే చెప్తాను.

లెక్క ఇది: 36 కంటే తగ్గితే చల్లబడినట్టు. 34 నుంచి 36 మధ్య ఉంటే అది కొద్దిపాటి చల్లబడటం. మన థర్మామీటర్లు చాలావరకు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి కాబట్టి 36 అంటే 96.8, 35.5 అంటే 95.9, 37 అంటే 98.6 అని ఒక కాగితం మీద రాసి మానిటరుకి అంటించుకోండి.

గుండెకి ఏమవుతుంది

మత్తు లోతుగా ఉన్నంతసేపూ గుండె పెద్దగా గోల చేయదు. గొడవంతా మనిషి లేచాకే. మత్తు దిగుతుంటే, ఒళ్ళు చల్లగా ఉందన్న సంగతి మెదడుకి ఒక్కసారిగా తెలిసొస్తుంది. రక్తనాళాలను బిగించే నార్‌అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలోకి పొంగుతుంది. చేతులూ కాళ్ళ రక్తనాళాలు గట్టిగా బిగుసుకుంటాయి. బీపీ ఎగబాకుతుంది. బిగుసుకున్న గొట్టాల్లోకి రక్తం తోయాలంటే గుండె ఎక్కువ కష్టపడాలి, దానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. అదే సమయంలో వణుకు మొదలైతే ఒంట్లో ఆక్సిజన్ ఖర్చు రెట్టింపు దాకా పోవచ్చు. చల్లబడిన రక్తం ఆక్సిజన్‌ను అంత తేలిగ్గా వదిలిపెట్టదు కూడా. అపెండిక్స్ తీయించుకున్న పాతికేళ్ళ కుర్రాడికి ఇదంతా పది నిమిషాల వణుకు, అంతే. షుగరూ బీపీ ఉండి, స్టెంట్ వేయించుకున్న డెబ్భై ఏళ్ళ మనిషికి ఇరుకైన గుండె రక్తనాళాలు ఆ అదనపు బరువుకి సరిపోవు. ఛాతీ నొప్పి రావచ్చు, ఈసీజీ మారవచ్చు, గుండె లయ తప్పవచ్చు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. 1997లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నవాళ్ళు 300 మందిని పరీక్షించారు. వెచ్చగా ఉంచినవాళ్ళ ఒంటి వేడి సగటున 36.7, మిగతావాళ్ళది 35.4. గుండెకి సంబంధించిన పెద్ద ఇబ్బందులు వెచ్చగా ఉన్నవాళ్ళలో 1.4 శాతం మందికి వస్తే, చల్లబడినవాళ్ళలో 6.3 శాతం మందికి వచ్చాయి. గుండె కింది గదుల నుంచి పుట్టే వేగపు లయ, అంటే మనం వీటీ అనేది, వెచ్చగా ఉన్నవాళ్ళలో 2.4 శాతం మందికి, చల్లబడినవాళ్ళలో 7.9 శాతం మందికి వచ్చింది. తేడా ఒక్క 1.3 డిగ్రీ మాత్రమే. ఇన్నేళ్ళుగా డాక్టర్లు పేషెంటును వెచ్చగా ఉంచండి అని పట్టుబట్టడానికి ఈ పరీక్ష ఒక పెద్ద కారణం.

మిగతా సగం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2022లో చైనాలోనూ అమెరికాలోనూ కలిపి 5,000 మందికి పైగా పేషెంట్లతో చాలా పెద్ద పరీక్ష జరిగింది. సగం మందిని 37 దగ్గర, సగం మందిని 35.5 దగ్గర ఉంచారు. గుండె కండరం దెబ్బతినడం, గుండె ఆగడం, చనిపోవడం, ఈ మూడూ కలిపి చూస్తే రెండు గుంపుల్లోనూ పదిమందిలో ఒకరికి దగ్గరగానే ఉంది. తేడా లేదు. దీన్ని పట్టుకుని ఇక వార్మర్లు (పేషెంటును వెచ్చబరిచే మిషన్లు) అక్కర్లేదన్నవాళ్ళనీ చూశాను, నాకు ఆ మాట నచ్చదు. ఆ పరీక్షలో చల్లగా ఉంచినవాళ్ళు కూడా 35.5 దగ్గర కాపలాలో ఉన్నవాళ్ళు, వాళ్ళ టెంపరేచరు కొలుస్తూ ఉన్నారు. టెంపరేచరు కొలిచే ప్రోబే లేని ఓటీలో మనవాళ్ళు 35.5 దగ్గర ఆగుతారా, 34.5కి పోతారా, ఎవరికి తెలుసు? నేను అర్థం చేసుకున్నది ఇది: 37 కోసం టెన్షన్ పడక్కర్లేదు, 36 కంటే తగ్గితే చెయ్యి కదపాలి, 35.5 దాటి కిందికి పోనివ్వకూడదు.

పైగా గుండె ఒక్కటే కాదు. 1996లో పేగు ఆపరేషన్లు అయిన 200 మందిలో, చల్లబడినవాళ్ళకి కుట్ల దగ్గర చీము 19 శాతం, వెచ్చగా ఉన్నవాళ్ళకి 6 శాతం. రక్తం గడ్డకట్టడం కూడా మందగిస్తుంది. రక్తం ఎక్కువ పోతే ఆ భారం మళ్ళీ గుండె మీదే కదా. వెక్యురోనియం లాంటి కండరాలు వదులు చేసే మందు, ఒళ్ళు రెండు డిగ్రీలు చల్లబడితే రెట్టింపు సేపు ఉండిపోతుంది. ఊపిరి గొట్టం తీసేశాక కూడా మనిషి సరిగ్గా ఊపిరి తీసుకోలేకపోతే, గుండెకి అందాల్సిన ఆక్సిజన్‌కి అక్కడే గండి పడినట్టు.

మరి గుండె ఆపరేషన్లలో కావాలనే చల్లబరుస్తారు కదా అని నన్ను చాలామంది అడుగుతారు. నిజమే. 1952లో మిన్నెసోటాలో ఐదేళ్ళ పాపకి ఒళ్ళు 28 డిగ్రీల దగ్గరకి చల్లబరిచి గుండెలోని రంధ్రం మూశారు. విశాఖలో ఇప్పుడు గుండె ఆపరేషన్ చేసే చోట గుండె పనిని మిషను చేస్తుంది, వణుకు రాకుండా మందులుంటాయి, మళ్ళీ వెచ్చబరిచాకే మనిషిని లేపుతారు. అక్కడ చలి డాక్టరు చేతిలో ఉంటుంది. మన తొంటి ఎముక కేసులో చలి ఎవరి చేతిలోనూ ఉండదు. రెండూ ఒకటి కాదు.

ఇంటి దగ్గర నుంచే మొదలుపెట్టండి

మన వైపు ఆపరేషన్ రోజు పొద్దున్నే తలస్నానం చేయించి, పైడితల్లమ్మకి మొక్కి, బొట్టు పెట్టి పంపడం ఉంది. మొక్కుకోండి, తప్పులేదు. తలస్నానం మాత్రం ముందురోజు సాయంత్రమే చేయించండి. ముసలమ్మల జుట్టు ఒత్తుగా ఉంటే పొద్దున పోసిన నీళ్ళు పదింటికి కూడా ఆరవు. తడి జుట్టుతో ఓటీ బల్ల మీద పడుకోబెట్టడమంటే చేతులారా చల్లబరచడమే. పొద్దున పోయాల్సిందేనంటే గోరువెచ్చటి నీళ్ళు ఒంటికి మాత్రం పోసి, పొడిగా తుడవండి.

సాక్సులు, ఒక ఉన్ని శాలువా, మంచి రగ్గు సంచీలో పెట్టుకురండి. ఓటీ గుమ్మం దాకా పేషెంటు మీదే ఉంచండి, అక్కడ సిస్టర్ తీసేస్తుంది. వేచి ఉండే చోట పేషెంటును స్ట్రెచర్ మీద పల్చటి గౌనుతో, నేరుగా ఫ్యాను కింద పడుకోబెడితే, కొంచెం పక్కకి జరపండి అని అడగడానికి మొహమాటపడకండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనరు.

ఇంకొకటి, వాడుతున్న మందుల చీటీ డాక్టరుకి చూపించండి. గుండె వేగం తగ్గించే మాత్రలు, థైరాయిడ్ మాత్రలు, షుగరు మందులు, ఇవన్నీ చలి లెక్కలోకీ వస్తాయి. ఎన్నో ఏళ్ళుగా షుగరున్నవాళ్ళలో నరాలు దెబ్బతిని రక్తనాళాలు సరిగ్గా బిగుసుకోవు, అలాంటివాళ్ళు తొందరగా చల్లబడతారు. బీపీ కోసం, గుండె కోసం వేసుకునే మాత్రలు డాక్టరు చెప్పకుండా మీ అంతట మీరు ఆపకండి.

మత్తుకి ముందు అరగంట

ఓటీ వాళ్ళకి చెప్పాల్సిందంతా ఇక్కడే ఉంది. చేతులూ కాళ్ళూ ముందే వెచ్చబరిచి ఉంచితే, మత్తు ఇచ్చాక లోపలి వేడి పోవడానికి చోటే ఉండదు. అందుకే ముందుగా వెచ్చబరచడం మీద అంత పట్టు. కాళ్ళు 35 దగ్గర ఉంటే, లోపలి 37 ఎంత దూరం జారుతుంది?

వేడి గాలి ఊదే వార్మర్ ఉంటే, పేషెంటు ముందు గదిలో ఉన్నప్పుడే దాని కాగితం దుప్పటి కప్పి, అరగంట ఆన్ చేయండి. అరగంట లేదంటే పది నిమిషాలైనా ఊరికే పోదు. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. గొట్టాన్ని దుప్పటికి తగిలించకుండా నేరుగా షీటు కింద పెట్టి వదలకండి. అలా చేస్తే వేడంతా ఒకేచోట పడి చర్మం కాలుతుంది. దుప్పటి ప్యాకెట్ అయిపోయిందని అలా చేయడం నేను చూశాను, కింద బొబ్బలు వచ్చాయి.

వార్మర్ లేదా? లేని ఓటీలే ఎక్కువ. అప్పుడు పేషెంటును మీ దగ్గరున్న మందపాటి దుప్పట్లతో మెడ దాకా కప్పి, కాళ్ళకి సాక్సులు తొడిగి, తలకి టోపీ పెట్టి ఉంచండి. ఒక్క దుప్పటి చర్మం నుంచి పోయే వేడిని మూడో వంతు ఆపుతుంది. మూడు కప్పితే సగం దాకా ఆగుతుంది, అంతకు మించి కాదు. అంటే గుట్టలుగా కప్పడం కన్నా ఎంత మేర కప్పాం అన్నది ముఖ్యం. కాళ్ళ దగ్గర మడత పడి ఉన్న నాలుగు దుప్పట్ల కంటే మెడ నుంచి వేళ్ళ దాకా కప్పిన ఒక్కటి మేలు. వెచ్చబెట్టిన దుప్పటి పేషెంటుకి హాయిగా ఉంటుంది గాని, ఆ వేడి పది నిమిషాల్లో పోతుంది. దాన్ని నమ్ముకోకండి.

టెంపరేచరు 36 కంటే తక్కువ ఉంటే అర్జెంటు కేసు కాకపోతే డాక్టరుకి చెప్పండి. కాస్త వెచ్చబరిచి మొదలుపెడదాం అని వాళ్ళే అంటారు. ఒంట్లో రక్తం పోతున్న కేసుకైతే ఆ ఆగడం కుదరదు. అక్కడ వెచ్చబరచడం, మొదలుపెట్టడం రెండూ కలిసి నడవాలి.

ఏసీ సంగతి. పేషెంటు ఒళ్ళు కప్పకుండా ఉన్నంతసేపూ, అంటే మత్తు ఇవ్వడం, బెటడిన్ పూయడం, షీట్లు పరచడం అయ్యేదాకా గది కనీసం 21 డిగ్రీలు ఉండాలి. కప్పడం అయ్యాక సర్జనుగారి ఇష్టం. ఈ మాట సర్జనుతో ఎలా చెప్పాలో కూడా చెప్తాను. పేషెంటు ముందే ఏసీ గురించి వాదన పెట్టుకోకండి. కేసుకి ముందు చేతులు కడుక్కుంటున్నప్పుడు, సార్, ఈయనకి స్టెంట్ ఉంది, షీట్లు పరిచేదాకా 22లో ఉంచుతాను అని చెప్పి ఉంచండి. చాలామంది సరే అంటారు. షీట్లు పడ్డాక మీరే 19కి తగ్గించి చూపిస్తే రెండో కేసుకి వాళ్ళే అడుగుతారు.

కేసు నడుస్తుండగా

టెంపరేచరు కొలవని ఓటీలో మిగతా జాగ్రత్తలన్నీ గుడ్డివాటం. జనరల్ కేసుకి ముక్కులోంచి పోనిచ్చే ప్రోబ్ గాని, అన్నవాహికలో గుండె వెనక్కి వచ్చేలా పెట్టే ప్రోబ్ గాని నమ్మదగ్గవి. పైగా అన్నవాహికలోది గుండె దగ్గరి వేడినే చెప్తుంది. స్పైనల్ కేసులో నాలుక కింద డిజిటల్ థర్మామీటర్, లేదా చంకలో, చెయ్యి ఒంటికి అదిమి పెట్టి. నుదుటి మీద గురిపెట్టే తుపాకీ థర్మామీటర్ కరోనా రోజుల నుంచి ప్రతిచోటా ఉంది, దాన్ని ఓటీలో నమ్మకండి. చెమట పట్టిన చల్లటి నుదురు చూసి అది ఏదో ఒక నంబరు చెప్తుంది. ప్రతి అరగంటకీ ఒకసారి చూసి, బీపీ పక్కనే రాయండి. వార్మర్ ఆన్ చేసి ఉంటే ఎక్కువ వేడెక్కకుండా చూడటానికి కూడా ఈ కొలతే ఆధారం.

సెలైన్ లెక్క చాలామందికి తెలియదు. గది చల్లదనంలో ఉన్న ఒక లీటరు సెలైన్ ఒంట్లోకి పోతే లోపలి వేడి పావు డిగ్రీ తగ్గుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఒక బ్లడ్ ప్యాకెట్ కూడా అంతే. నాలుగు లీటర్లు పోయిందంటే ఒక డిగ్రీ పోయినట్టు. అందుకే అర లీటరు దాటి పోయాల్సి వస్తే 37 డిగ్రీలకి వెచ్చబరిచి పోయాలంటారు. లైన్ వార్మర్ (సెలైన్ గొట్టంలో పోతుండగా వెచ్చబరిచే మిషను) ఉంటే మంచిది. లేనిచోట బాటిళ్ళను వేడినీళ్ళ బక్కెట్లో వేస్తారు. అది ఎంత వెచ్చబడిందో ఎవరికీ తెలియదు, మూత దగ్గర ఆ బక్కెట్ నీళ్ళు అంటుకుంటాయి, అది శుభ్రం కాదు. మైక్రోవేవ్‌లో పెట్టడం ఇంకా ప్రమాదం, ఒక పక్క ఉడికిపోయి ఇంకో పక్క చల్లగా ఉంటుంది. రక్తాన్నయితే అలా అసలు ముట్టుకోకూడదు. ఇంకో చిక్కు ఏమిటంటే, బాటిల్ వెచ్చగా ఉన్నా డ్రిప్పు నెమ్మదిగా పోతుంటే, సన్నటి గొట్టంలో ప్రయాణం చేసేసరికి అది మళ్ళీ గది చల్లదనానికి వచ్చేస్తుంది. వేగంగా పోసేటప్పుడే వెచ్చటి బాటిల్‌కి ఫలితం ఉంటుంది.

ప్రోస్టేట్ కేసుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పేషెంట్లు అరవై దాటినవాళ్ళు, సగం మందికి గుండెదో బీపీదో మందు నడుస్తుంటుంది, ఇచ్చేది స్పైనల్, లోపల కడగడానికి పోసేది లీటర్లకి లీటర్లు చల్లటి నీరు. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన ఒక తాత ఇలాగే బల్ల మీదున్నాడు. కేసు సగంలో ఉండగా ఆయన పళ్ళు టకటక కొట్టుకున్నాయి. "సలేత్తంది బాబూ, ఆ మిషను ఆపీండి" అన్నాడు. మానిటర్ మీద గీత అడ్డదిడ్డంగా ఎగిరిపడుతోంది, కొత్తగా వచ్చిన సిస్టర్ చూసి బెదిరిపోయింది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. నాడి నిలకడగా, వరుసగా కొడుతోంది. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్పు అల కూడా క్రమంగానే ఉంది. ఒళ్ళు వణుకుతుంటే ఛాతీ మీది స్టిక్కర్లు కూడా వణుకుతాయి, ఆ గీత ప్రాణాంతకమైన లయలా కనిపిస్తుంది. కాబట్టి గీత పిచ్చిగా ఉంటే ముందు నాడి పట్టుకోండి, క్లిప్పు అల చూడండి. రెండూ సరిగ్గా ఉంటే అది వణుకు. రెండూ లేకపోతే గట్టిగా అరిచి పిలవండి, ఆలోచించకండి. వణుకు అని తేలినా డాక్టరుకి చెప్పాల్సిందే. ఆ తాతకి ఆక్సిజన్ పెట్టి, మిగతా బాటిళ్ళు వెచ్చబరిచినవి తగిలించి, పైభాగం కప్పి, డాక్టరుగారు వణుకు తగ్గే మందు ఇచ్చారు.

చేతివేళ్ళు చల్లబడితే ఆక్సిజన్ క్లిప్పు కూడా సరిగ్గా చదవదు. నంబరు ఎగిరెగిరి పడుతుంటే వేలు ముట్టుకుని చూడండి. చెవి తమ్మెకి మార్చడమో, చెయ్యి వెచ్చబరచడమో చేయండి.

చేయకూడనిది ఒకటుంది. గ్లవ్స్‌లో వేడినీళ్ళు నింపి చంకల్లో, తొడల మధ్య పెట్టకండి. మత్తులో ఉన్నవాళ్ళకి, స్పైనల్ పడినవాళ్ళకి కాలుతున్న సంగతి తెలియదు. కాలుకి టోర్నికే (రక్తం రాకుండా బిగించే పట్టీ) కట్టి ఉంటే ఆ కాలిని అసలే వెచ్చబరచకండి, అందులో రక్తం తిరగడం లేదు, వేడి మోసుకుపోయేవాళ్ళు లేరు. టోర్నికే వదిలిన వెంటనే ఆ చల్లటి రక్తం గుండెకి వచ్చి టెంపరేచరు, బీపీ ఒక మెట్టు దిగుతాయి. వదిలే ముందు మత్తు డాక్టరుకి ఒక మాట చెప్పడం పద్ధతి.

రికవరీలో

గుండెకి గండం ఎక్కువగా ఉండేది ఇక్కడే. కానీ మన దగ్గర కేసు అయిపోయిందంటే అందరూ తరువాతి కేసు మీద పడతారు, పేషెంటు ఒక మూల స్ట్రెచర్ మీద ఉంటాడు. బల్ల మీద తడిసిన షీట్లు తీసేసి, ఒళ్ళు పొడిగా తుడిచి, పొడి దుప్పటి కప్పి, ఆక్సిజన్ పెట్టి, ఈసీజీ తీగలు విప్పకుండా ఉంచండి. వచ్చీరాగానే టెంపరేచరు చూడండి, తర్వాత పావుగంటకోసారి. వణుకుతుంటే డాక్టరు ట్రమడాల్ గాని పెథిడిన్ గాని ఇమ్మంటారు. మందుతో వణుకు ఆగుతుంది, అయినా ఒళ్ళు ఇంకా చల్లగానే ఉండొచ్చు. కాబట్టి వెచ్చబరచడం ఆపకండి. సిజేరియన్ తర్వాత వచ్చే వణుకు అన్నిసార్లూ చలి వల్లే కాదు, ఆ సంగతి డాక్టరుకి వదిలేయండి.

వెచ్చబడుతున్నప్పుడు మరో చిక్కు వస్తుంది. బిగుసుకున్న రక్తనాళాలు వదులవుతాయి, అప్పటిదాకా 150 ఉన్న బీపీ 90కి జారవచ్చు. అందుకని వెచ్చబరిచే గంటలో బీపీ ఐదు నిమిషాలకోసారి పెట్టండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు నుంచి, కవిటి, సోంపేట నుంచి డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళు వస్తారు. వాళ్ళ విషయంలో ఇంకా మెలకువ కావాలి. రక్తం తక్కువ, గుండె అప్పటికే అలిసిపోయి ఉంటుంది, బీపీ పడింది కదా అని సెలైన్ ఇష్టమొచ్చినట్టు పోయడానికి వీల్లేదు. చల్లబడినప్పుడు కణాల్లోకి వెళ్ళిన పొటాషియం వెచ్చబడేటప్పుడు మళ్ళీ రక్తంలోకి వస్తుంది. కిడ్నీ పనిచేసేవాళ్ళకి పర్లేదు గాని, వాళ్ళకి అదే గుండె లయని దెబ్బతీయగలదు. ఈసీజీ మీద కళ్ళు పెట్టే మనిషి ఒకరు ఉండాలి.

ఛాతీలో బరువుగా ఉందన్నా, దవడ లాగుతోందన్నా, ఎడమ చెయ్యి గుంజుతోందన్నా, చలి వల్ల అనుకుని ఊరుకోకండి. షుగరున్న వాళ్ళకి నొప్పే రాకుండా చెమట, ఆయాసం, వాంతి మాత్రమే రావచ్చు. వెంటనే డాక్టరుని పిలిచి పన్నెండు లీడ్ల ఈసీజీ తీయండి.

ఇంటివాళ్ళకి: మీ మనిషి వణుకుతుంటే కడుపు తరుక్కుపోతుంది, తెలుసు. వేడి కాఫీ పట్టకండి, మత్తు పూర్తిగా దిగకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాళ్ళ దగ్గర హాట్ వాటర్ బ్యాగ్ పెట్టకండి, స్పైనల్ ఉన్నంతసేపూ ఆ కాళ్ళకి వేడి తెలియదు. మీరు తెచ్చిన రగ్గు కప్పండి, సాక్సులు తొడగండి, సిస్టర్‌ని పిలవండి.

వార్డుకి పంపేది టెంపరేచరు 36 దాటాక, వణుకు ఆగాక, బీపీ నిలకడగా అరగంట ఉన్నాక. వార్డు సిస్టర్‌కి నోటితో చెప్పండి: ఎంత దాకా చల్లబడ్డాడు, ఏ మందు ఇచ్చాం, గుండె మందులు మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి. లిఫ్టులో, వరండాలో తీసుకెళ్ళేటప్పుడు కూడా దుప్పటి ఒంటి మీదే ఉండాలి.

ఓటీకి డబ్బు తక్కువ ఉంటే ఏది ముందు కొనాలని అడిగే చిన్న ఆసుపత్రులు ఉంటాయి. నన్నడిగితే ముందు రెండు డిజిటల్ థర్మామీటర్లు, మానిటర్‌కి ఒక టెంపరేచర్ ప్రోబ్. ఆ తర్వాత వేడి గాలి వార్మర్, దానితో పాటు దుప్పట్లు దండిగా. లైన్ వార్మర్ మూడోది. వార్మర్ కొన్నవాళ్ళు దాని ఫిల్టరు ఎప్పుడు మార్చాలో పుస్తకంలో చూసి, ఆ తేదీ మిషను మీదే మార్కరుతో రాసి పెట్టండి.